సాంకేతిక సంస్థల నిర్ణయములు - ప్రజల మాట

గ్రామ పంచాయతీ ఒక తీర్మానము చేసినచో దాని మంచిచెడ్డలను అడుగుటకు గ్రామస్థునకు చోటు కలదు. వీధి కుళాయి ఎక్కడ వేయవలెను, ఇంటిపన్ను ఎంత పెంచవలెను అను విషయములపై అతడు గ్రామసభలో లేచి ప్రశ్నింపవచ్చును. సర్పంచి సమాధానము చెప్పవలసియుండును. ఆ సమాధానము నచ్చనిచో తరువాతి ఎన్నికలలో తన తీర్పును తెలుపవచ్చును. కాని నేడు గ్రామజీవితముపై ప్రభావము చూపు మరికొన్ని నిర్ణయములు గ్రామసభకు రావు. చేతిలోని ఫోనులో ఏ వార్త ముందు కనిపించవలెను, మన వివరములు ఎవరెవరికి చేరవలెను, ఏ సేవకు రుసుము ఉండవలెను, దేనికి ఉండరాదు అనునవి వేల మైళ్ల దూరమున ఉన్న సంస్థల కార్యాలయములలో నిర్ణయమగుచున్నవి. ఆ సంస్థల అధిపతులను మనము ఎన్నుకొనలేదు, తొలగింపను జాలము.

ఇట్టి సంస్థలు నడుపు ఏర్పాటులను సాంకేతిక వేదికలని వ్యవహరించుచున్నారు. వారపు సంత ఎట్టిదో వేదికయు అట్టిదే. సంతను నడుపువాడు సరకును పండింపడు. అమ్మువానిని, కొనువానిని ఒకచోట చేర్చును. అయినను దుకాణములు ఏ వరుసలో ఉండవలెను, ఎవరికి ముందుచోటు ఇయ్యవలెను అను నిబంధనలు అతనివే. ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ మున్నగునవి అట్టి సంతలు. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము తెలిపిన లెక్కల ప్రకారము మన దేశమున వాట్సాప్‌ను 53 కోట్ల మంది, ఫేస్‌బుక్‌ను 41 కోట్ల మంది వాడుచుండిరి. పంచాయతీ ప్రకటనలు, పంటల ధరలు, బడి సమాచారము, దూరదేశములలోని బిడ్డల క్షేమవార్తలు ఈ మార్గముననే వచ్చుచున్నవి. కావున ఈ సంతల నిబంధనలు మారినప్పుడెల్ల పల్లెపై వాని ప్రభావము పడకమానదు.

ఆ మార్పు మనకు సమ్మతము కానిచో ఏమి చేయవలెను? మనము వ్రాసినచో, అడిగినచో వారు విందురా? "అంత పెద్ద సంస్థలు మన మాట వినునా" అని కొందరు నిట్టూర్చుచుందురు. "లక్షలమంది సంతకములు చేసి మహజరు పంపినచో ఎవరైనను దిగిరావలసినదే" అని మరికొందరు ధీమాగా పలుకుచుందురు. జరిగిన చరిత్రను పరిశీలించినచో ఈ రెండు మాటలలోను సగము సత్యమే కనిపించుచున్నది. ప్రజాభిప్రాయము ఎప్పుడు పనిచేసినది, ఎప్పుడు వ్యర్థమైనది, అందులకు కారణములేవి అను విషయములను పంచాయతీ సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సంస్థ తానే పెట్టిన ఓటు

2006 సెప్టెంబరు 5వ తేదీన అమెరికాలోని ఫేస్‌బుక్ సంస్థ ఒక క్రొత్త ఏర్పాటును ప్రవేశపెట్టెను. అంతవరకు ఒకరి విశేషములు తెలిసికొనగోరువారు ఆ వ్యక్తి పుటను తెరచి చూడవలసియుండెను. ఆనాటినుండి ఎవరెవరు ఏమేమి చేసిరో సంస్థయే ప్రోగుచేసి, చాటింపు వేసినట్లు, మిత్రులందరి ముందు వరుసగా ఉంచసాగెను. తమ ఇంటి సంగతి వీధిలో పడినదని భావించిన వినియోగదారులు లక్షల సంఖ్యలో నిరసన తెలిపిరి. మూడు దినములలో సంస్థాధిపతి మార్క్ జుకర్‌బర్గ్ బహిరంగ లేఖ వ్రాసి పొరపాటును ఒప్పుకొనెను. ఏ విశేషము వెలికి పోవలెనో, ఏది పోరాదో ఎవరికివారు నిర్ణయించుకొను వీలును కల్పించెను. కాని ఆ ఏర్పాటును మాత్రము తొలగింపలేదు. ఆ వేదికకు నేటికిని అదియే ముఖ్యాంగము. ప్రజల మాటవలన గట్టు సవరింపబడినదే గాని కాలువ మళ్లింపబడలేదు.

2009 ఫిబ్రవరిలో మరియొక వివాదము చెలరేగెను. ఖాతాను తీసివేసికొన్న పిమ్మటను, వినియోగదారుడు అందులో ఉంచిన విషయములపై సంస్థకు హక్కు నిలుచునని తోచునట్లు నిబంధనలు మార్చబడినవి. నిరసన తీవ్రము కాగా సంస్థ పాత నిబంధనలనే పునరుద్ధరించెను. అంతటితో ఆగక, ఇకమీదట ముఖ్యమైన మార్పులను ఓటుకు పెట్టెదమని ప్రకటించెను. వినుటకు ఇది ప్రజాస్వామ్యమువలెనే ఉన్నది. కాని దానికొక షరతు కలదు. చురుకుగా ఉన్న వినియోగదారులలో 30 శాతమునకు పైగా ఓటు వేసిననే ఆ తీర్పునకు సంస్థ కట్టుబడియుండును. లేనిచో అది సలహా మాత్రమే.

ఆ షరతు ఎంత బరువైనదో 2012 డిసెంబరులో తేలినది. ఓటు పద్ధతిని రద్దుచేయుటతో కూడిన మార్పులను సంస్థ ఓటుకు పెట్టెను. సుమారు 6 లక్షల 69 వేలమంది ఓటు వేసిరి. వారిలో 88 శాతము వ్యతిరేకించిరి. కాని అప్పటికి ఆ వేదికకు నూరుకోట్లకు పైగా వినియోగదారులు ఉండిరి. తీర్పు చెల్లుబాటగుటకు సుమారు 30 కోట్ల ఓట్లు కావలసియుండెను. పడిన ఓట్లు నూటికి ఒకటి పాలుకూడ లేవు. ఓటు చెల్లలేదు, ఓటు పద్ధతియు రద్దయినది.

సభకు కోరము అనగానేమో పంచాయతీ సభ్యులకు వివరింపనక్కరలేదు. కోరము నిర్ణయించువాడే సభను పిలిచి, తానే తీర్మానము ప్రతిపాదించి, తానే ఫలితము ప్రకటించినచో ఆ సభకు ఎంతటి అధికారముండునో వారే ఊహింపగలరు. సంస్థ తన ఇష్టముచేత ఇచ్చిన ద్వారమును తన ఇష్టముచేతనే మూసివేయగలదు. ఇది మొదటి పాఠము.

సంతకు ఉచితపు బండి

రెండవ ఉదాహరణము మన దేశమున, మన రాష్ట్రములకు సంబంధించియే జరిగినది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అను సేవను ప్రారంభించెను. తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్, కేరళలతోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోను మొదటి దశలోనే అది ప్రవేశపెట్టబడినది. ఎంపికచేసిన కొన్ని వెబ్‌సైట్లను డేటా రుసుము లేకుండ చూడవచ్చుననుట దాని సారాంశము. అదే సంవత్సరము సెప్టెంబరులో దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చిరి.

ఉచితముగా ఇచ్చుచుండగా వివాదమెందులకు అను సందేహము కలుగవచ్చును. దీనిని ఒక ఉపమానముచేత గ్రహింపవచ్చును. ఒక సంపన్నుడు ఊరివారందరిని వారపు సంతకు ఉచితముగా తీసికొనిపోవుటకు బండి ఏర్పాటుచేసెననుకొందము. అయితే ఆ బండి సంతలో తాను ఒప్పుకొన్న దుకాణముల ముందు మాత్రమే ఆగును. మిగిలిన దుకాణములకు పోగోరువాడు వేరుగా బాడుగ ఇచ్చుకొనవలెను. కాసు లేనివానికి ఆ కొద్ది దుకాణములే సంత అగును. ఊరిలో క్రొత్తగా కొట్టు పెట్టుకొన్న చిన్న వర్తకుని వద్దకు ఎవరును రారు. కాలక్రమమున ఎవరు బ్రతుకవలెనో, ఎవరు మూతపడవలెనో నిర్ణయించువాడు బండివాడగును.

అయితే బండి నడుపువాని వాదమునందును బలము లేకపోలేదు. అసలు సంతయే చూడనివానికి నాలుగు దుకాణములైనను చూపుట మేలుకాదా అని ఆ సంస్థ ప్రశ్నించెను. అప్పటికి మన గ్రామములలో ఇంటర్నెట్ ఎరుగనివారే అధికులు. ఈ వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. నిర్ణయము కష్టమైనందువలననే ప్రజల అభిప్రాయమును అడుగవలసివచ్చినది.

అడిగిన సంస్థ ఫేస్‌బుక్ కాదు. ట్రాయ్ అని ప్రసిద్ధమైన భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. 1997 నాటి చట్టముచేత ఏర్పడిన ఈ సంస్థ తన అధికారములను పారదర్శకముగా వినియోగింపవలెనని ఆ చట్టమే శాసించుచున్నది. అందుచేత ఏదైన నియమము చేయుటకు ముందు ట్రాయ్ ఒక సంప్రదింపు పత్రమును ప్రకటించి, ప్రశ్నలు వేసి, జవాబులు కోరును. 2015 మార్చి 27వ తేదీన వెలువరించిన ఒక పత్రము 118 పుటలు కలిగి, 20 ప్రశ్నలతో ఉండెను. సామాన్యునకు అది కొరుకుడుపడునది కాదు. అప్పుడు కొందరు యువకులు స్వచ్ఛందముగా పూనుకొని దాని సారాంశమును సులభశైలిలో వ్రాసి, జవాబుల నమూనాలను సిద్ధముచేసి ప్రజలముందుంచిరి. కొద్ది వారములలో పది లక్షలకు మించి లేఖలు ట్రాయ్‌కు చేరెను.

ఆ ఒత్తిడి సంస్థలమీదను పనిచేసినది. ఆ ఏప్రిల్ నెలలోనే ఎయిర్‌టెల్ సంస్థ ఎయిర్‌టెల్ జీరో అను మరియొక పథకమును ప్రకటించియుండెను. అందు వెబ్‌సైట్ల యజమానులు ఎయిర్‌టెల్‌కు సొమ్ము చెల్లింతురు. వినియోగదారునకు డేటా ఖర్చు ఉండదు. దానిలో చేరుటకు సంప్రదింపులు జరుపుచుండిన ఫ్లిప్‌కార్ట్ సంస్థ, ప్రజల నిరసనను చూచి ఏప్రిల్ 14వ తేదీన విరమించుకొన్నది. మరునాడు క్లియర్‌ట్రిప్ సంస్థ ఇంటర్నెట్ డాట్ ఆర్గ్‌నుండి తప్పుకొన్నది. కొనుగోలుదారులు కోపించినచో నష్టము తమకేనని ఎరిగిన వర్తకులు వారు. వారికి ఎదురుగా ఇతర దుకాణములు ఉండెను గనుక వారు త్వరగా వినిరి.

లెక్కకు లొంగని తీర్పు

అసలైన పరీక్ష 2015 డిసెంబరులో వచ్చినది. ఆ నెల 9వ తేదీన ట్రాయ్ మరియొక పత్రమును ప్రకటించెను. వేర్వేరు వెబ్‌సైట్లకు వేర్వేరు డేటా ధరలు వసూలుచేయుటను అనుమతింపవచ్చునా? అనుమతించినచో వివక్ష లేకుండ చూచుటకు ఏ ఏర్పాటులు కావలెను? ఉచిత ఇంటర్నెట్‌ను అందించుటకు ఇతర మార్గములు కలవా? ఇవి అందలి ముఖ్య ప్రశ్నలు.

ఫేస్‌బుక్ సంస్థ పత్రికలలో నిండు పుటల ప్రకటనలు ఇచ్చెను. సంస్థాధిపతి స్వయముగా ఒక ఆంగ్ల దినపత్రికలో వ్యాసము వ్రాసెను. అంతేకాక తన వేదికపై ఉన్న వినియోగదారుల ముందు ఒక లేఖను సిద్ధముగా ఉంచి, ఒక్క మీట నొక్కినచో అది ట్రాయ్‌కు చేరునట్లు ఏర్పాటు చేసెను. ట్రాయ్‌కు అందిన సుమారు 24 లక్షల లేఖలలో దాదాపు 19 లక్షలు ఫ్రీ బేసిక్స్‌ను సమర్థించునవే. తలలు లెక్కించుటయే న్యాయమైనచో ఫేస్‌బుక్ గెలిచియుండవలెను.

కాని ఆ లేఖలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఫ్రీ బేసిక్స్ మంచిదని మాత్రము చెప్పినవి. ధరలలో భేదము ఉండవచ్చునా, ఉండరాదా అను విషయమును స్పృశింపలేదు. ప్రశ్నలకు జవాబులు వ్రాయవలసినదిగా ఆ వినియోగదారులను కోరవలెనని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు వ్రాసెను. ఈ పద్ధతివలన అర్థవంతమైన సంప్రదింపు, కూడగట్టిన తలల లెక్కగా దిగజారుచున్నదని కఠినముగా మందలించెను. ఎదుటి పక్షమువారి లేఖలలోను అనేకములు ముందుగా సిద్ధపరచిన నమూనాలే. కాని అవి ప్రశ్నలను పట్టుకొని, కారణములు చూపినవి. భేదము అచ్చట ఉన్నది.

2016 జనవరిలో బహిరంగ చర్చ జరిపి, ఫిబ్రవరి 8వ తేదీన ట్రాయ్ తన నియమములను ప్రకటించెను. చూచు విషయమునుబట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టుట నిషేధింపబడినది. ఉల్లంఘించిన సంస్థకు దినమునకు 50,000 రూపాయల చొప్పున, గరిష్ఠముగా 50 లక్షలవరకు జరిమానా నిర్ణయింపబడినది. విపత్తుల సమయములో అత్యవసర సేవలకు మినహాయింపు ఇచ్చిరి. మూడు దినములలో ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ను మన దేశమునుండి ఉపసంహరించుకొన్నది.

ఈ విజయమును ఉన్నదానికంటె పెద్దదిగా చూపుట తగదు. ఆ నియమము సంత అందరికిని ఒక్కటిగా ఉండవలెనని చెప్పినది. సంతకు పోవు బాడుగను తగ్గింపలేదు. డేటా ధరలు పడిపోయినది 2016 సెప్టెంబరులో జియో సంస్థ రంగప్రవేశము చేసిన పిమ్మట ఏర్పడిన పోటీవలన. ప్రజల లేఖలు చేసిన మేలు ఏమనగా, ధరలు తగ్గి కోట్లమంది గ్రామీణులు ఇంటర్నెట్‌లోనికి వచ్చునాటికి వారికి మొత్తము సంత తెరచియుండెను.

ఇంకొక ముఖ్యవిషయము. 2016 మే నెలలో సుప్రీంకోర్టు, మాటలు మధ్యలో తెగిపోయినచో నష్టపరిహారము ఇయ్యవలెనని ట్రాయ్ చేసిన వేరొక నియమమును కొట్టివేసెను. ఆ నియమము సహేతుకము కాదనియు, పారదర్శకతా విధిని పాటింపలేదనియు ఆ తీర్పు సారాంశము. కావున అభిప్రాయములు అడిగి అటకమీద పెట్టుటకు అట్టి సంస్థలకును వీలులేదు. ఏ వాదమును ఎందులకు అంగీకరించిరో, ఎందులకు త్రోసిరో చెప్పవలసియుండును. ఫేస్‌బుక్ పెట్టిన ఓటునకును, ట్రాయ్ అడిగిన అభిప్రాయమునకును గల భేదము ఇదియే. మొదటిదాని వెనుక సంస్థ యొక్క దయ కలదు. రెండవదాని వెనుక చట్టము కలదు.

వాయిదా వేసిన గడువు

మూడవ ఉదాహరణము ఇటీవలిది. 2021 జనవరిలో వాట్సాప్ సంస్థ తన గోప్యతా విధానమును మార్చుచున్నట్లు ప్రకటించి, ఫిబ్రవరి 8వ తేదీలోగా అంగీకరింపనిచో సేవ కొనసాగదని తెలిపెను. అప్పటికి వాట్సాప్ ఫేస్‌బుక్ యాజమాన్యములోనిదే. తమ వివరములు ఆ సంస్థకు చేరునను ఆందోళన దేశమంతట వ్యాపించెను. అనేకులు సిగ్నల్, టెలిగ్రామ్ అను ఇతర సేవలను తమ ఫోనులలో చేర్చుకొనిరి. పదిదినములు గడచినంతలోనే సంస్థ గడువును మే 15వ తేదీకి పొడిగించెను. ఆ మార్పును ఉపసంహరింపవలసినదిగా కేంద్ర ప్రభుత్వము సంస్థకు లేఖ వ్రాసెను.

తుదకు జరిగినదేమి? విధానము రద్దుకాలేదు. కాని అంగీకరింపనివారి సేవలను తగ్గింపబోమని సంస్థ 2021 మే నెలలో ప్రభుత్వమునకు హామీ ఇచ్చెను. ఆ హామీ సామాన్యునకు తెలియదు. తెలియనందున అంగీకరించుట తప్పదనుకొని అనేకులు మీట నొక్కిరి. 2023 ఫిబ్రవరి 1వ తేదీన సుప్రీంకోర్టు, ఆ హామీని 5 జాతీయ దినపత్రికలలో రెండు పర్యాయములు నిండు పుట ప్రకటనగా వేయవలెనని ఆ సంస్థను ఆదేశించెను. ఆ పిమ్మట 2024 నవంబరులో కాంపిటీషన్ కమిషన్, ఆ విధానమును ప్రజలచే అంగీకరింపజేసిన తీరు అన్యాయమని తేల్చి, మాతృసంస్థయగు మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ప్రకటనల నిమిత్తము వివరములను ఐదేండ్లవరకు పంచుకొనరాదని కూడ ఆ కమిషన్ విధించిన నిషేధమును 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ తొలగించెను. జరిమానాను మాత్రము నిలిపియుంచెను.

ఇచ్చట ప్రజల కోపము సంస్థను ఆలస్యము చేయించినది, మరలింపలేదు. కారణము స్పష్టమే. పది దుకాణములున్న బజారులో అలిగినవాడు ప్రక్క దుకాణమునకు పోవును. ఊరంతయు ఒకే చెరువునీరు త్రాగుచున్నచోట అలిగినవాడు ఎచటికి పోవును? బంధువులు, బడి, పంచాయతీ అందరును వాట్సాప్‌లోనే ఉన్నప్పుడు ఒక్కడు విడిచిపోవుట వలన నష్టము అతనికే. అయినను ఆ మూడు నెలల వ్యవధి వ్యర్థము కాలేదు. ఆ వ్యవధిలో ప్రభుత్వము, కమిషన్, న్యాయస్థానములు విషయమును చేపట్టినవి.

గ్రహింపవలసిన విషయములు

ఈ మూడు ఉదాహరణములనుండి నాలుగు విషయములు తేలుచున్నవి.

మొదటిది: వినవలసిన బాధ్యత చట్టముచేత ఎవరిపై ఉన్నదో వారి వద్దకు మన మాట చేరవలెను. సంస్థకు వ్రాయుట మంచిదే, అంతటితో ఆగరాదు.

రెండవది: సంఖ్య తలుపు తట్టును, తలుపు తెరచునది కారణము. 19 లక్షల లేఖలు చేయలేని పనిని, ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన లేఖలు చేసినవి.

మూడవది: విడిచిపోవు వీలున్నచోట ప్రజల మాటకు బలము హెచ్చు. ఒకే మార్గముపై సర్వమును ఆధారపరచినచో ఆ బలము మనము చేజేతుల పోగొట్టుకొనుటయే.

నాలుగవది: వేళ మించిన మాట చెల్లదు. నియమము ముసాయిదాగా ఉన్నప్పుడు వ్రాసిన ఒక లేఖ, నియమము అమలైన పిమ్మట వ్రాసిన నూరు లేఖలకంటె విలువైనది.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఇవి నగరవాసుల వ్యవహారములు, మనకేమి పని అని గ్రామములవారు ఉపేక్షించుట తగదు. అట్టి ఉపేక్షవలన కలుగు నష్టమునకు ఒక ఉదాహరణము చూపెదము. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023లో వచ్చినది. దాని నియమముల ముసాయిదాను కేంద్ర ప్రభుత్వము 2025 జనవరి 3వ తేదీన ప్రకటించి అభిప్రాయములు కోరెను. హైదరాబాదుతో సహా ఏడు నగరములలో సమావేశములు జరిపెను. వచ్చిన అభిప్రాయములు మొత్తము 6,915. ఇంటర్నెట్ ధరల విషయమున 24 లక్షల లేఖలు పోయిన దేశములో, ప్రతి ఇంటి వివరములకు సంబంధించిన నియమములపై ఏడువేలు కూడ పోలేదు. ఆ సంవత్సరము నవంబరులో నియమములు తుదిరూపము పొందినవి.

18 ఏండ్లు నిండని పిల్లల వివరములను సేకరించుటకు ముందు తల్లిదండ్రుల అనుమతి పొందవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. మంచి నియమమే. కాని ఫోను నడుపుట పిల్లలకు తెలిసి పెద్దలకు తెలియని ఇండ్లు గ్రామములలో ఎన్నో కలవు. అనుమతి ఇచ్చునది తండ్రియా, తండ్రి ఫోనును చేతపట్టిన కుమారుడా? ఈ చిక్కును ఢిల్లీలోని అధికారికంటె మన వార్డు సభ్యుడే బాగుగా ఎరుగును. ఎరిగినవాడు చెప్పనిచో ఎరుగనివాడు ఏమి చేయగలడు?

కావున పంచాయతీలు ఈ క్రింది పనులను అనుసరింపవచ్చును.

ఇట్టి పత్రములు సామాన్యముగా ఆంగ్లములో వెలువడుచున్నవి. గ్రామములోని ఉపాధ్యాయుని గాని, చదువుకొన్న యువతీయువకులను గాని కోరి, పత్రములోని ప్రశ్నలను తెలుగులో వ్రాయించి గ్రామసభలో చదివింపవలెను. 2015లో పది లక్షలమంది లేఖలు వ్రాయుటకు మూలము, 118 పుటల పత్రమును కొద్దిమంది శ్రమపడి సులభము చేయుటయే.

తీర్మానము చేయునప్పుడు "మేము వ్యతిరేకించుచున్నాము" అని మాత్రము వ్రాసి ఊరుకొనరాదు. ఏ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నారో దాని సంఖ్యను వేయవలెను. మీ గ్రామములో జరుగుచున్నదేమో ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఏ మార్పు కోరుచున్నారో, ఎందులకో వివరింపవలెను. ఒక పుట చాలును. ఎవరో వ్రాసియిచ్చిన కాగితముపై సంతకములు, వేలిముద్రలు సేకరించి పంపిన మహజరుకంటె, పది కుటుంబముల అనుభవమును చెప్పు ఒక పుటకు విలువ హెచ్చు.

పంపిన లేఖలు బహిరంగమగునని తెలిసియుండవలెను. 2015లో ట్రాయ్ తనకు వచ్చిన లేఖలను, వ్రాసినవారి ఈమెయిలు చిరునామాలతో సహా అందరికి కనబడునట్లు ప్రకటింపగా అనేకులు ఇబ్బందిపడిరి. కావున ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా మున్నగు వివరములను అట్టి లేఖలలో వ్రాయరాదు. పంచాయతీ పేర పంపుట శ్రేయస్కరము.

వేదికపై ఒక వ్యక్తికి అన్యాయము జరిగినచో, అనగా ఖాతాను అకారణముగా మూసివేసినను, అసత్యపు రాతలను తొలగింపకున్నను, మార్గము వేరు. 2021 నాటి నియమముల ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరు, చిరునామా ప్రకటింపవలెను. ఫిర్యాదు అందినట్లు 24 గంటలలో తెలుపవలెను. నిర్ణీతమైన గడువులో పరిష్కరింపవలెను. ఆ పరిష్కారము తృప్తికరము కానిచో, 2023లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన అప్పీలు కమిటీలకు 30 దినములలోగా నివేదించుకొనవచ్చును. ఈ విషయమును గ్రామసభలో తెలియజేయుట సభ్యుల విధి.

తుదకు, పంచాయతీ తన ప్రకటనలను ఒక్క వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టరాదు. నోటీసు బోర్డు, దండోరా, గ్రామసభ అను పాత మార్గములను విడువరాదు. ఫోను లేని వృద్ధులకు, కూలిజనమునకు సమాచారము అందుటయేగాక, ఏ సంస్థ నిబంధన మార్చినను పంచాయతీ పని ఆగదు. ఒకరి దయపై ఆధారపడనివాడే ఇతరులను ధైర్యముగా ప్రశ్నింపగలడు.

ప్రజల మాటవలన సంస్థల నిర్ణయములు మారునా అను ప్రశ్నకు జవాబు ఇది: మాటకు వినవలసినవాడు ఉన్నప్పుడు, మాటలో కారణమున్నప్పుడు, మాట వేళకు చేరినప్పుడు మారినవి. ఈ మూడింటిలో మొదటిది చట్టము చూచుకొనవలసినది. మిగిలిన రెండును మన చేతిలోనివి. తదుపరి గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమునకు కొంత సమయము కేటాయించి, రాబోవు ముసాయిదా పత్రములను చదివి చెప్పు బాధ్యతను మీ గ్రామమున ఒకరికి అప్పగింపవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.